శనికి ఉంగరమేది సార్? టెలిస్కోపు కొని నవ్వులపాలైన మాస్టారి గోడు

చుక్కలసారు
వనపర్తి జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పదహారేళ్ళ సర్వీసు. ఎనిమిదో తరగతికి నక్షత్రాలు, సౌర కుటుంబం పాఠం ఏటా చెప్తూనే ఉన్నా, తలెత్తి పైకి చూసి పదేళ్ళు దాటి ఉంటుంది. బోర్డు మీద ఎనిమిది గుండ్రాలు గీయడం, పేర్లు రాయించడం, అంతే.

మొన్న 2025 సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది కదా. మా పాప నిద్రపోనివ్వకుండా డాబా ఎక్కించింది. మబ్బులు వచ్చిపోతున్నాయి. పదకొండు దాటాక చంద్రుడు కాల్చిన ఇటుకలా అయిపోయాడు. వెన్నెల పోయేసరికి చుట్టూ ఒక్కసారిగా చుక్కలు. 1997 ఎండాకాలం గుర్తొచ్చింది. ఇదే డాబా మీద మా నాయన పక్కన పడుకుని హేల్-బాప్ తోకచుక్క చూసేవాణ్ణి. రోజూ నోటుబుక్కులో దాని తోక గీసి పెట్టుకునేవాణ్ణి. ఆ బుక్కు ఏ ఉల్లిగడ్డల బండికి పోయిందో.

సరే, డీఏ బకాయి కొంత పడితే 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఒకటి తెప్పించా. పెట్టె మీద 675 రెట్లు అని రాసుంది. వారం రోజులు క్లాసులో ఊదరగొట్టా, శని గ్రహం ఉంగరాలు చూపిస్తానని. పోయిన శుక్రవారం పదో తరగతి స్పెషల్ క్లాసులు అయ్యాక 34 మందిని గ్రౌండులో లైను కట్టించా. శని దాదాపు నడినెత్తిన ఉన్నాడు, మోకాళ్ళ మీద కూర్చుని మెడ విరుచుకుని చూడాలి. మొదటి పిల్లగాడు చూసి లేచాడు. "ఉంగరం ఏది సార్? పూసకు సూది గుచ్చినట్టుంది" అన్నాడు. రెండోవాడూ అదే మాట. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి లైను లేదు, కబడ్డీ మొదలైంది. మర్నాడు స్టాఫ్‌రూములో హెచ్‌ఎం సారు "ఏమయ్యా, శనిని చూపిద్దామంటే శనే పట్టిందట" అని నవ్వాడు.

నాకు అంటగట్టింది నాసిరకం టెలిస్కోపా? లేక నేనే సరిగ్గా చూపలేదా? ఈ పిల్లల్ని మళ్ళీ ఆకాశం వైపు తిప్పేదెట్లా?

అద్దంరుబ్బేవాడు
టెలిస్కోపు తప్పు కాదు, మీ తప్పూ కాదు. ముహూర్తం తప్పు. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. అందులో రెండుసార్లు, అంటే పదిహేనేళ్ళకోసారి, ఉంగరాలు మనకి సరిగ్గా అంచు వైపు తిరుగుతాయి. 2025 మార్చిలో అదే జరిగింది. తర్వాత కొంచెం తెరుచుకుని, నవంబర్ ఆఖరులో మళ్ళీ దాదాపు మూసుకున్నాయి. వాటి వెడల్పుతో పోలిస్తే మందం లేనట్టే లెక్క. పళ్ళేన్ని కంటి ఎత్తులో పట్టుకుని అంచు నుంచి చూసినట్టు.

మీ వాడు పూసకు సూది అన్నాడే, ఈ ఏడాది శని గురించి అంతకంటే కచ్చితమైన వర్ణన నేను వినలేదు. వాడికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి.

పాలపుంత_పద్మ
గెలీలియోకీ ఇదే గతి పట్టింది సార్. 1610లో శనికి అటూ ఇటూ చెవుల్లాంటివి చూశాడు. 1612లో చూస్తే మాయం! ఏమైపోయాయో అర్థంకాక తల పట్టుకున్నాడు. అది ఉంగరం అని డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ తేల్చి పుస్తకంలో రాసేసరికి 1659 అయింది. మీ పిల్లలకి ఈ కథ చెప్పి, గెలీలియో 1612లో చూసింది మీరు చూశారు అనండి.

ప్రశ్నాపత్రం
కథలు బాగానే ఉంటాయి. పదో తరగతి పిల్లలకి మూడు నెలల్లో బోర్డు పరీక్షలు. జిల్లా రిజల్టు ఒక్క శాతం తగ్గితే ఈ సారునే నిలబెట్టి అడుగుతారు, శని ఉంగరాల్ని కాదు. నేనూ టీచర్నే. స్పెషల్ క్లాసులకి వచ్చే పిల్లలు సాయంత్రానికి ఆకలితో ఉంటారు. వాళ్ళని ఇంకో గంట గ్రౌండులో నిలబెట్టడం ఎవరి సరదా కోసం?

చుక్కలసారు
ప్రశ్నాపత్రం గారి మాటలో నిజం లేకపోలేదు. కొంత నా సరదానే.
పద్మ గారూ, 1612 కథ నాకు తెలియదు. సోమవారం చెప్తా.

కోనసీమ_కొబ్బరిబొండం
675 రెట్లు 😂 మా ఊరి తీర్థంలో ఐదు తలల పాము అని టికెట్టు పెట్టినట్టు.

అద్దంరుబ్బేవాడు
దాని గురించీ చెప్పాలి. ముందున్న కటకం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంతకు మించి పెద్దది చేసి చూస్తే మసకే మిగులుతుంది. 70 అంటే 140 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. పెట్టెలో ఉండే అతి చిన్న ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం), దానితో వచ్చే గొట్టం పక్కన పడేయండి. 20 లేక 25 మిల్లీమీటర్ల ఐపీస్ వాడండి. గురి చూసుకోడానికి పక్కనున్న చిన్న ఫైండర్‌ని రాత్రి సరిచేయకండి, పగలే దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని చూసి సరిచేసుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పనివ్వకండి. కన్ను ఒక్క క్షణంలో పోతుంది.

ఇకపోతే శనిని వదిలి గురుడిని పట్టుకోండి. మిథునంలో, పునర్వసు జంట చుక్కల దగ్గర ఉన్నాడు. 2026 జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, అంటే పొద్దుగూకగానే తూర్పున లేస్తాడు. నాలుగు ఉపగ్రహాలు మీ 70లో హాయిగా కనిపిస్తాయి. నెత్తి మీద కాదు కాబట్టి మెడలూ బతుకుతాయి.

రిటైర్డ్_హెడ్మాస్టర్
ప్రశ్నాపత్రం గారికి ఒక్క మాట. 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం నల్గొండ జిల్లా మీదుగా పోయింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది. పిల్లలెవ్వరూ బయటికి రావద్దు, తలుపులు వేసుకోండి అని క్లాసు క్లాసుకూ తిరిగి చెప్పింది నేనే. మధ్యాహ్నం దాటాక ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. నేను గదిలో కూర్చుని కిటికీ సందులోంచి చీకటి పడటం చూశాను, సూర్యుణ్ణి చూడలేదు. అదే సమయానికి రంగారెడ్డి జిల్లా వైపు జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. నా ఇంటి గుమ్మం ముందుకు వచ్చినదాన్ని కాదనుకున్నాను. కళ్ళు కాపాడాలనే చెప్పాం, తప్పు కాదు. కానీ అట్టముక్కకి సూదిబెజ్జం పెట్టి నేల మీద నీడ చూడమని చెప్పే తెలివి ఆ రోజు నాకు లేకపోయింది. ఆ పిల్లలకిప్పుడు యాభై దాటాయి. మళ్ళీ మా ఊరికి అలాంటిది వాళ్ళ జన్మలో రాదు.

ఆ రోజు నేనూ సిలబస్ గురించే ఆలోచించాను.

ప్రశ్నాపత్రం
మాస్టారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే పిల్లల ఆకలి సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

డల్లాస్_బాబాయ్
2024 ఏప్రిల్ 8న మా డల్లాస్ మీదుగా సంపూర్ణం పోయింది. నాలుగు నిమిషాలకి కొంచెం తక్కువ. అపార్ట్‌మెంట్ పార్కింగులో తెలుగువాళ్ళం ఇరవై మంది చేరాం. మా అత్తగారు దర్భలు వేసిన పెరుగుగిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, నల్లద్దాలు పెట్టుకుని అందరికంటే ముందు కుర్చీ వేసుకున్నారు. రెండూ కుదుర్తాయి బాబూ.

కోనసీమ_కొబ్బరిబొండం
ఫ్రిజ్‌లో దర్భలు 🙏 అత్తగారికి వీరతాడు.

గుంటూరుకారం_1868
గ్రహణాలంటే మా గుంటూరే. 1868 ఆగస్టు 18న హీలియం కనిపెట్టింది మా ఊళ్ళోనే. ప్రపంచానికి గాలిబుడగలు ఇచ్చిన ఊరు మాది.

పాలపుంత_పద్మ
సగం నిజం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట నిజం. గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) మెరిసే గీతలు చూశాడు. అవి ఎంత మెరుస్తున్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని తట్టింది, మర్నాడు చూశాడు కూడా. ఆయన అసలు ఘనత అదీ. అందులోని పసుపు గీత సోడియంది కాదు, ఇంకేదో కొత్త మూలకానిదని పట్టుబట్టింది ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త, అదే ఏడాది అక్టోబర్లో చూసి. భూమ్మీద హీలియం రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో.

గుంటూరుకారం_1868
అంటే నా హ్యాండిల్ మార్చుకోవాలా మేడమ్?

పాలపుంత_పద్మ
అక్కర్లేదు, ఏడాది కరెక్టే. ఊరూ కరెక్టే. బుడగలు మాత్రం కాదు 🙂
ఇంకోటి. ఆ గ్రహణాన్నే చూడటానికి మద్రాస్ అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్తే, ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి తన బృందాన్ని తీసుకెళ్ళింది ఎక్కడికో తెలుసా? వనపర్తి.

చుక్కలసారు
ఏంటీ?!
మా వనపర్తా?

పాలపుంత_పద్మ
మీ వనపర్తే. అప్పటికి నిజాం రాజ్యం. ఆ ముందటి ఏడాది, 1867లో, ఆర్ రెటిక్యులీ అనే వెలుగు మారే నక్షత్రాన్ని కనిపెట్టినవాడు కూడా ఆయనే.

చుక్కలసారు
పదహారేళ్ళుగా ఇక్కడే పాఠం చెప్తున్నా. నాకెవ్వరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. గ్రౌండులో ఇదే చోటు నుంచి అని చెప్పలేను గానీ, ఇదే ఆకాశం కింద నుంచి అని చెప్తా.

విశాఖ_డాల్ఫిన్
అందరూ ఊళ్ళు చెప్పుకుంటున్నారు కాబట్టి: గోడె వెంకట జగ్గారావు గారు 1840లో వైజాగ్ డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. ఇప్పుడు ఆ పేటలో చుక్కలు కనపడాలంటే కరెంటు పోవాలి.

రచ్చబండ_రాజు
మా ఊళ్ళో రోజూ పోతుంది, రండి.

అనంత_రైతుబిడ్డ
టెలిస్కోపుల మాట పక్కన పెట్టండి. సారుకు నేను ఒక ప్రశ్న ఇస్తా, పిల్లలకి వేయండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు గదా. ఆ కార్తెలో రోహిణి నక్షత్రం రాత్రి ఎక్కడుంటుంది?

రచ్చబండ_రాజు
నెత్తిమీద?

అనంత_రైతుబిడ్డ
కాదు. కనపడదు! కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని. జూన్ మొదట్లో రోహిణి సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితో పాటే కుంకుతుంది. దాన్ని చూడాలంటే ఇప్పుడు చూడాల, డిసెంబర్లో, చీకటి పడగానే తూర్పున ఎర్రగా. మా తాతకి బడి లేదు. "కార్తె చుక్కను కార్తెలో వెతికేవాడు ఎద్దు మీద కూర్చుని ఎద్దును వెతికినట్టు" అనేవాడు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని అంటారే, ఆ ఆరుద్ర కూడా ఇప్పుడే కనపడుతుంది, గొల్లకావడికి ఎడం పక్కన, ఎర్రగా.

చుక్కలసారు
అన్నా, ఇది పాఠ్యపుస్తకంలో లేదు. మా పిల్లల్లో సగం మంది ఇండ్లల్లో కార్తెల లెక్కనే విత్తనం వేస్తారు. రేపే అడుగుతా.

తూర్పుగోదారోడు
గొల్లకావడి అంటే మా వైపు శ్రవణం. నడుమ ఒక పెద్ద చుక్క, అటూ ఇటూ రెండు చిన్నవి, కావడి మోస్తున్నట్టు. మీరు చెప్పే మూడు చుక్కలు వేరే.

అనంత_రైతుబిడ్డ
మా సీమలో గొల్లకావడి అంటే మృగశిర కింద వరసగా ఉండే మూడే. మీ గొల్లాయన గోదావరి దాటి ఉండడు.

కోనసీమ_కొబ్బరిబొండం
మా మామ్మ సప్తర్షుల్ని మంచంకోళ్ళు అనేది. నాలుగు కోళ్ళు, మంచం ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగలు. మొత్తం ఏడు. పంచపాండవులు ఎందరురా అంటే మంచంకోళ్ళలా ముగ్గురు అని రెండు వేళ్ళు చూపించినవాడు ఖగోళశాస్త్రమే చదువుంటాడు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
కృత్తికలు పిల్లలకోడి. దీని మీద అన్ని జిల్లాలకీ ఏకాభిప్రాయం ఉందనుకుంటాను.

పాలపుంత_పద్మ
మాస్టారూ, కార్తీక పౌర్ణమికి చంద్రుడు ఉండేది ఆ పిల్లలకోడి దాపునే. నెల పేరే అందుకు వచ్చింది. చిత్త దగ్గర నిండితే చైత్రం, విశాఖ దగ్గర నిండితే వైశాఖం. చుక్కలసారూ, మీ పిల్లల్ని ఎవరి జన్మనక్షత్రం ఏదో ఇంట్లో అడిగి రమ్మనండి. స్వాతి, చిత్త, రోహిణి, మఖ, ఇవన్నీ కంటికి కనిపించే చుక్కలే. ఎవరి చుక్క వాళ్ళకి చూపించండి. లైను ఎందుకు చెదురుతుందో చూద్దాం.

ప్రశ్నాపత్రం
ఇది మాత్రం ఒప్పుకోను. ప్రభుత్వ బడిలో సైన్సు మాస్టారు జన్మనక్షత్రాలు అడగడమా? రేపు ఒక తండ్రి జాతకం పట్టుకుని వస్తాడు. ఖగోళానికీ జ్యోతిషానికీ మధ్య గీత గీయాల్సిన మనమే చెరిపేస్తే ఎలా? పైగా జన్మనక్షత్రం లేని పిల్లలు ఉంటారు. మా క్లాసులో క్రైస్తవులు, ముస్లిములు ఉన్నారు. వాళ్ళకి ఏ చుక్క చూపిస్తారు?

పాలపుంత_పద్మ
చివరి మాట నిజమే, అది నాకు తట్టలేదు. పుట్టిన నెలలో సూర్యాస్తమయం తర్వాత తూర్పున లేచే పెద్ద చుక్క ఏదో చూపించొచ్చు, అందరికీ ఒకటే పద్ధతి. పేర్ల మాటకొస్తే, రోహిణి అనే పేరు జాతకాలది కాదు, చుక్కది. జాతకాలవాళ్ళు తర్వాత వాడుకున్నారు.

మూల_మహాలక్ష్మి
రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.
నాది మూలా నక్షత్రం. మామగారికి గండం అని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది కుదిరింది కానీ, పెళ్ళయ్యాక మామగారికి దగ్గొచ్చినా నా వైపే చూసేవారు. మా పాప స్కూల్లో ఒక టీచరమ్మ జులైలో డాబా మీద రాత్రి ఆకాశం చూపించింది, తల్లులనీ రమ్మంది. దక్షిణాన వృశ్చికం చూపించి, కొండి దగ్గర ఉన్న జంట చుక్కలే మూల అంది. దాని పక్కనే పాలపుంత దట్టంగా, పొగలాగా ఉంది. మన పాలపుంత నడిబొడ్డు అటువైపే ఉందట. ముప్ఫై ఏళ్ళు ఆ పేరుతో మాటలు పడ్డాను గానీ అది అంత అందమైన చోట ఉందని ఎవరూ చెప్పలేదు. గీత గీయాలంటే చుక్క చూపించే గీయాలి ప్రశ్నాపత్రం గారూ. దాచిపెట్టి కాదు.

ప్రశ్నాపత్రం
మహాలక్ష్మి గారూ, సరేనండీ.

డల్లాస్_బాబాయ్
ప్రశ్నాపత్రం లీక్ అయింది.

ప్రశ్నాపత్రం
బాబాయ్ గారూ 😄 చుక్కలసారూ, ఆడపిల్లల సంగతి ఆలోచించారా? చీకటి పడ్డాక ఉండనివ్వరు. మీ 34 మందిలో ఎందరు ఆడపిల్లలు?

చుక్కలసారు
నలుగురు. క్లాసులో ఉన్నది 19. తండాల నుంచి ఆటోలో వచ్చేవాళ్ళు, ఐదున్నర ఆటో తప్పితే ఇంకోటి లేదు.

పాలపుంత_పద్మ
ధనుర్మాసం కదా! తెల్లవారి ఐదింటికి ముగ్గు వేయడానికి ఎలాగూ లేస్తారు. ఇప్పుడు ఆ వేళకి ఉత్తరాన సప్తర్షులు బాగా పైకి ఉంటారు. ఆ మంచం పట్టుకున్న దొంగల వరసని అలాగే వంపు తిప్పుకుంటూ పోతే నారింజ రంగులో స్వాతి, ఇంకా కిందికి పోతే తెల్లగా చిత్త. వాకిట్లోనే నిలబడి చూడొచ్చు. వేగుచుక్క కోసం మాత్రం వెతకొద్దనండి, శుక్రుడు ఇప్పుడు సూర్యుడి వెనక్కి పోయాడు.

రచ్చబండ_రాజు
సప్తర్షుల ముగ్గు: ఏడు చుక్కలు, ఒకటే వరస. మా చెల్లికి చెప్తే "ఇది ముగ్గా, మన ఊరి రోడ్డా" అంది.

అద్దంరుబ్బేవాడు
ఒక పని చెప్తా. గెలీలియో గురుడి పక్కన చుక్కలు మొదట గీసుకున్నది 1610 జనవరి 7న. ఆ రోజు మూడే చూశాడు, నాలుగోది 13న దొరికింది. మీరూ జనవరి 7న మొదలుపెట్టి రోజూ గీయించండి. నడుమ గుండ్రం, పక్కన చుక్కలు, తేదీ, టైము. పుస్తకంలో ఉన్న బొమ్మ చూసి గీయనివ్వకండి, అంతే.

చుక్కలసారు
చాలా రోజులైంది రాసి. జరిగింది చెప్తా.

రోహిణి ప్రశ్న వేస్తే క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఇంటికెళ్ళి అడిగొచ్చారు. ఒక పిల్ల వాళ్ళ అవ్వ "నీ సారుకు గంత కూడ తెల్వదా" అన్నదట. ముగ్గుల పని బాగా అందుకుంది, ఆడపిల్లల్లో పదకొండు మంది స్వాతిని పట్టుకున్నారు. జనవరి 3 పౌర్ణమి నాడు చంద్రుడి పక్కనే గురుడు ఉంటే, టెలిస్కోపు లేకుండానే అందరూ ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు చూశారు.

7వ తేదీ నుంచి గురుడిని గీయిస్తున్నా. ప్రశ్నాపత్రం గారి మాట మీద ఉడకబెట్టిన శనగలు పెట్టిస్తున్నా. ఆడపిల్లల కోసం ఆటో అతన్ని బతిమాలితే రెండు రోజులు గంట ఆలస్యంగా తీస్తానన్నాడు, అతను కూడా చూస్తానన్న షరతు మీద.

నిన్న ఒకటి జరిగింది. అందరూ మూడు చుక్కలు గీస్తే, చివర్లో చూసిన ఒకమ్మాయి నాలుగు గీసింది. ఒకటి గురుడికి అంటుకున్నట్టే ఉంది. నేను ముందే చూసి ఉన్నా కదా, మూడేనమ్మా, నాలుగోది కొట్టెయ్ అన్నా. ఆ పిల్ల కొట్టెయ్యలేదు. "మళ్ళీ చూడండి సార్" అంది. చూశా. నాలుగు ఉన్నాయి. మేం శనగలు తింటున్న ఆ ముప్పావు గంటలో అది గురుడి చాటు నుంచి బయటికొచ్చింది.

రిటైర్డ్_హెడ్మాస్టర్
ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. అసలు నోటుబుక్కు పిల్లకే ఇచ్చెయ్యండి.

చుక్కలసారు
తనే ఇవ్వలేదు సార్, నాకు. ఇంట్లో అవ్వకి చూపించాలంట.

ప్రశ్నాపత్రం
మా బడిలో టెలిస్కోపు లేదు. 10×50 బైనాక్యులర్స్‌లో గురుడి చుక్కలు కనిపిస్తాయా? ఊరికే అడుగుతున్నా.

అద్దంరుబ్బేవాడు
కనిపిస్తాయి. చేయి వణక్కుండా గోడకి ఆనించి పట్టుకోండి. ఊరికే అడిగినా సరే.

అనంత_రైతుబిడ్డ
ఆటో అతను చూశాడా?

చుక్కలసారు
చూశాడు. 2026 మార్చి 3న చంద్రుడు లేచేటప్పటికే గ్రహణంతో లేస్తాడని, చివరి ముక్క మనకు కనిపిస్తుందని చెప్తే, ఆ రోజు కిరాయి పెట్టుకోనన్నాడు.